చేతికి అందే బొమ్మలు

ఆసుపత్రి బట్టల గది,
జనవరి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నువ్వూ మరదలూ బాగున్నారని చదివి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇక్కడ మేమూ బాగున్నాం. మీ బావకు దగ్గు తగ్గింది.

ఈసారి ఉత్తరం టైపు చేసి పంపావు. చదవడానికి సులువుగా ఉంది. నీ దస్తూరి లేని ఉత్తరం మాత్రం ఇదే మొదటిది.

అడుగున పిట్ట బొమ్మ చూశాను. తీగ మీద వాలిన పిట్ట. రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. మీ బావ చూసి, "మీవాడు ఇన్నాళ్ళకు బొమ్మ వేయడం నేర్చుకున్నాడే" అన్నారు.

నిన్ను హాస్టల్లో చేర్చిన ఏడాది నీకు గుర్తుండే ఉంటుంది. పదేళ్ళవాడివి. ఉత్తరం రాయమంటే ఏం రాయాలో తెలీదని ఏడ్చావు. రాయొద్దులే, నీ చేతికి అందే వస్తువు ఏదో ఒకటి కాగితం మీద గీసి పంపు, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకు తెలుస్తుంది అన్నాను. నువ్వు పంపిన మొదటి బొమ్మ సబ్బుపెట్టె. నేను రొట్టె అనుకుని, తిండి సరిగ్గా పెడుతున్నారని సంతోషపడ్డాను. అప్పటి నుంచి మన నియమాలు మూడే. చేతికి అందేదే గీయాలి. పెన్నుతోనే గీయాలి. గీసింది కొట్టేయకూడదు. ముప్పై నాలుగేళ్ళలో నువ్వు చెప్పులు గీశావు, తప్పిన పరీక్ష తాలూకు ప్రశ్నపత్రం గీశావు, పెళ్ళినాటి ఉదయం దువ్వెన గీశావు. ఆకాశంలో ఉన్నదాన్ని ఒక్కసారీ గీయలేదు.

ఆ పిట్ట నీ చేతికి ఎలా అందింది?

ఈ కాగితం వెనక నా కళ్ళజోడు పెట్టె ఉంది. బస్సులో గీశాను. గీతలు అటూ ఇటూ పోయాయి. ఏమనుకోకు.

పెద్దక్క


గడియారాల వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల,
ఫిబ్రవరి 3

పెద్దక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే పరీక్ష రాస్తున్నప్పుడు మాస్టారు వచ్చి వెనక నిలబడినట్టుంది. పిట్ట మీద కూడా విచారణేనా. నా బల్ల కిటికీ పక్కనే కదా. అది వచ్చి కిటికీ మీద వాలింది. చెయ్యి చాపితే అందేదే. నేను చాపలేదు, అది ఎగిరిపోయింది. అంతే కథ.

టైపు గురించి. షాపులోకి కంప్యూటర్ వచ్చింది. ఎవరి గడియారం ఎప్పుడు వచ్చింది, ఏం పాడైంది, అన్నీ అందులో ఎక్కించాలని మా యజమాని హుకుం. ఆయన్ని మేం పెద్దాయన అంటాం, నీకు తెలుసుగా. అందరూ నేర్చుకోవాలన్నాడు. తను మాత్రం దాని దగ్గరికి రాడు, దూరం నుంచి పాముని చూసినట్టు చూస్తాడు. నేర్చుకోవడానికి నీ ఉత్తరం వాడుకున్నాను.

పక్క బల్లకి కొత్తాయన వచ్చి ఏడాది దాటింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోడు కాబట్టి స్ప్రింగు అంటున్నాం. పనిలో మాత్రం చెయ్యి రాయిలా నిలుస్తుంది. బొమ్మలు కూడా భలే వేస్తాడు. మొన్న భోజనాలప్పుడు గోడగడియారానికి పెద్దాయన మీసాలు పెట్టి, ముళ్ళ బదులు చేతులు వేశాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూసి, "పది గంటలు చూపిస్తోంది, మీరు వచ్చేది పదిన్నరకి కదా" అని వెళ్ళిపోయాడు.

నీ కళ్ళజోడు పెట్టె బాగుంది. బస్సు కుదుపులు కూడా బాగున్నాయి.

ఈసారి చేతిగడియారం పంపుతున్నాను. ఇది చేతికి అందడమేమిటి, చేతికే ఉంటుంది. ఇప్పుడు తృప్తేనా.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల,
ఫిబ్రవరి 15

తమ్ముడూ,

చేతిగడియారం బొమ్మ అందింది. చాలా బాగుంది. నీది కాదు.

కోపంతో రాయడం లేదు. ఎలా తెలిసిందో చెబుతాను. నువ్వు చిన్నప్పటి నుంచీ కలం నొక్కిపట్టి రాస్తావు. నీ నోటుపుస్తకాల్లో అటుపక్క పేజీ ఎప్పుడూ పనికొచ్చేది కాదు. నీ బొమ్మ వచ్చిందంటే నేను ముందు కాగితం తిప్పి వెనక వేలితో తడుముతాను. గీతలు గరుకుగా తగులుతాయి. ఆ తర్వాతే ఇటు తిప్పి ఏం గీశావో చూస్తాను. ఈ అలవాటు సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ కాగితం వెనక నున్నగా ఉంది. పిట్ట వెనకా నున్నగానే ఉంది.

స్ప్రింగు గారికి నా నమస్కారం చెప్పు. ఆయన చేయి నిజంగా మంచిది.

ఎవరు గీశారన్నది కాదు నా ప్రశ్న. నువ్వెందుకు గీయలేదు?

ఆదివారం ఫోనులో అడుగుదామనుకున్నాను. నీ గొంతు ఎప్పటిలాగే హుషారుగా ఉంది. నేను గొంతును నమ్మను. హాస్టల్లో ఉన్నప్పుడు వార్డెను గదిలోంచి ఫోను చేసి "బాగున్నానక్కా, రోజూ ఆడుకుంటున్నాను" అన్నావు. అదే వారం నువ్వు పంపిన బొమ్మలో మందుసీసా ఉంది. పక్కన థర్మామీటరు.

రోజూ ప్రార్థనలో మనవాళ్ళందరినీ వరసగా తలుచుకుంటాను. కొన్నాళ్ళుగా నీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాను. ఎందుకు ఆగుతున్నానో నాకు తెలియాలి.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. పై వార్డువాళ్ళు చిరిగిన దుప్పట్లు అరవై పంపారు. కుట్టగలిగినవి కుడుతున్నాం, లేనివి కత్తిరించి దిండుగలీబులు చేస్తున్నాం. వెనక సూదుల డబ్బా గీశాను. ఇదీ బస్సులోదే.

పెద్దక్క


ఇల్లు, ముందు గది,
మార్చి 2

పెద్దక్కా,

దస్తూరి చూసి కంగారుపడకు. నేను చెబుతున్నాను, మీ మరదలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

(నమస్కారం వదినగారూ. చెప్పినట్టే రాస్తాను. మధ్యమధ్య నావి కూడా రాస్తాను. అవి ఈయనకు చదివి వినిపించను.)

నీ దగ్గర దాచలేనని తెలిసి కూడా దాచాను. నా కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన జూలై నుంచి. ఊరికే ఉంటే ఏమీ ఉండదు. ఏదైనా పట్టుకుంటేనే మొదలు. ఎంత చిన్నది పట్టుకుంటే అంత వణుకు. నా బతుకంతా చిన్నవి పట్టుకోవడమే కదక్కా.

ఒకావిడ వాళ్ళమ్మ గడియారం తెచ్చింది. అందులో ఆవగింజలో సగముండే మర ఒకటి బిగించాలి. పట్టకారుతో పట్టుకున్నాను, జారింది. మళ్ళీ పట్టుకున్నాను, జారి గడియారం లోపలికే పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెతికాను. చివరికి స్ప్రింగు వచ్చి నా వంక ఒకసారి, నా చేతి వంక ఒకసారి చూసి, గడియారం తన బల్ల మీదికి తీసుకెళ్ళాడు. అప్పటి నుంచి నావి చిన్నవి ఆయన చేస్తున్నాడు. ఆయన వంతు కడగడాలు, పట్టీలు మార్చడాలు నేను చేస్తున్నాను. పెద్దాయన ఇటు వస్తే కంటికి అద్దం బిగించుకుని, వంగి, పనిలో మునిగినట్టు కూర్చుంటాను. నాటకాల్లోకి వెళ్ళాల్సినవాణ్ణి.

(ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు తలుపు వేసుకుంటున్నారు వదినగారూ. ఈ వయసులో ఈ సిగ్గేమిటా అని నవ్వుకున్నాను. పోయినవారం తలుపు సందులోంచి చూశాను. అప్పటి నుంచి నవ్వడం లేదు.)

ఆ కిటికీ పక్క బల్ల ఇరవై రెండేళ్ళుగా నాది. పెద్దాయనకు తెలిస్తే బల్ల పోతుంది, బహుశా పని కూడా. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఏదో పెద్ద జబ్బు పేరు చెబుతాడని భయం.

(భయం అని ఈయన అనలేదు. తీరిక లేదు అన్నారు. నేను మార్చి రాశాను.)

బొమ్మల సంగతి. రెండు నెలలు ప్రయత్నించాను. టీగ్లాసు గీస్తే గొంగళిపురుగులా వచ్చింది. చించేశాను. ఇంకోటి, చించేశాను. నువ్వు ఎదురుచూస్తావని స్ప్రింగును అడిగాను. "మా అక్కకి చిన్న బొమ్మ వేసిపెట్టు గురూ." "ఏం బొమ్మ?" "నీ ఇష్టం." చేతికి అందేది వేయమని చెప్పడం మర్చిపోయాను. ఎవరికైనా చెప్పే విషయమా అది, మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు. అక్కడ దొరికిపోయాను.

ఇక బొమ్మలు వద్దక్కా. ముప్పై నాలుగేళ్ళు వేశాం, చాలు. మనమేమైనా చిత్రకారులమా. ఉత్తరాలు మీ మరదలు రాస్తుంది. నువ్వు వేసి పంపు, నేను చూస్తాను. దీన్ని పెద్ద విషయం చేయకు.

నీ తమ్ముడు

(ఇప్పుడు కూడా జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నాకేం చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పండి.)


ఇల్లు, వంటగది బల్ల,
మార్చి 11

తమ్ముడూ,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదువు. చదివాక మరదలికి కూడా చదవనివ్వు.

నాన్నకు ఈ వణుకు ఉండేది.

నీకు తెలియదు. నీకు తెలియకుండా పెంచింది నేనే. నీకు ఆరేళ్ళప్పుడు మొదలైంది. నాన్న అప్పుడు బడిలో పైతరగతులకు చెప్పేవారు. నల్లబల్ల మీద రాస్తుంటే అక్షరాలు వంకర్లు పోయాయి. వెనక నుంచి పిల్లలు నవ్వారు. నేనూ అదే బడి. కారిడార్లో నడుస్తూ విన్నాను. నాన్న వెనక్కి తిరగలేదు. ఆ వాక్యం పూర్తయ్యేదాకా రాశారు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రశ్నపత్రం రాయడానికి కూర్చున్నారు. నేను దగ్గర కూర్చుని, "ఇలా ఇవ్వండి నాన్నా, మీరు చెప్పండి, నేను రాస్తాను" అన్నాను. ఇచ్చారు. మర్నాడు పిల్లల మార్కుల కార్డులు రాశాను. ఆ నెలాఖరుకి ఆయన సంతకం కూడా నేర్చుకున్నాను. ఆయనకన్నా బాగా పెట్టేదాన్ని. అమ్మ వచ్చినవాళ్ళందరితో "మా పెద్దది ఉంటే వాళ్ళ నాన్నకు కుడిచేయి ఉన్నట్టే" అనేది. నాకు పదిహేడేళ్ళు. ఆ మాట వింటే ఒళ్ళు తేలికయ్యేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నాన్న ఒక్కరే బల్ల దగ్గర ఉన్నారు. ముందు తెల్లకాగితం. చేతిలో కలం. ఏదో రాయబోతున్నారు. ఏం రాయాలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పుస్తకాల సంచి కూడా దించకుండా, "ఉండండి, నేనున్నాగా" అన్నాను. నాన్న నా వంక చూశారు. కలానికి మూత పెట్టి, నా చేతిలో పెట్టి, లేచి వెళ్ళిపోయారు. కోపంగా కాదు. ఎవరి వస్తువు వాళ్ళకు అప్పగించినట్టు.

ఆ తర్వాత ఆయన కలం ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు అందరితో కూర్చుని తినడం మానేశారు. తర్వాత బడి మానేశారు. నిన్ను హాస్టల్లో చేర్చింది అందుకే. నువ్వు మరోలా అనుకుని ఉంటావు.

వణుకు ఆయన దగ్గర కొంచెమే తీసుకుంది తమ్ముడూ. మిగతాది నేను తీసుకున్నాను. సహాయం అనుకుని తీసుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రార్థనలో నేను దేవుడికి చెప్పుకుంటున్నది ఇదొక్కటే.

అందుకే స్ప్రింగు గారి బొమ్మ నాకు వద్దు. ఆయన మంచివారు. నేనూ మంచిదాన్నే.

నాకు నీ బొమ్మ కావాలి. గొంగళిపురుగులా వస్తే గొంగళిపురుగు పంపు. చించకు. అందంగా ఉండాలని మనం ఎప్పుడు గీశాం? నువ్వు ఎక్కడ కూర్చున్నావో, ఎలా ఉన్నావో తెలియడానికి గీశాం. నీ చేయి ఇప్పుడు వణుకుతోంది కాబట్టి నీ గీత వణకాలి. వణకకపోతేనే నాకు భయం.

పెద్దాయనకు నువ్వే చెప్పు. ఇంకొకరు చెప్పేలోగా.

నీ చేయి ఆగిపోవాలని నేను మొక్కుకోలేదు. నువ్వు దాక్కోకూడదని మాత్రం అడిగాను.

పెద్దక్క


ఆసుపత్రి బట్టల గది,
మార్చి 30
(కార్డు)

తమ్ముడూ,

మూడు వారాలైంది. జవాబు కోసం తొందరపెట్టడం లేదు. నాన్న సంగతి ఇన్నాళ్ళు చెప్పనందుకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా.

ఈ బొమ్మ మా బట్టల గది తాళం. కింద గీత వంకర పోయింది, బస్సు కుదుపు.

పెద్దక్క


ఇల్లు, కిటికీ దగ్గర,
ఏప్రిల్ 4 నుంచి

పెద్దక్కా,

ఇది నేనే రాస్తున్నాను. రోజుకు నాలుగైదు వరసలకన్నా సాగడం లేదు. అందుకని తారీఖులు వేసుకుంటూ పోతాను. అర్థం కాని చోట ఊహించుకో. కోపం లేదు.

ఏప్రిల్ 6. నాన్న చేతులు నాకు గుర్తున్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు, గంటలు గంటలు. మా నాన్నంత ప్రశాంతమైన మనిషి ఉండడని హాస్టల్లో గొప్పలు చెప్పేవాణ్ణి. ఏదీ పట్టుకోకుండా దాచుకున్నారన్నమాట.

ఏప్రిల్ 7. నువ్వు తీసుకున్నావని నేననుకోను. ఇచ్చిందీ ఆయనే కదా. పిల్లలు నవ్వినప్పుడు నువ్వు నవ్వలేదు. అది ఆయన చూసే ఉంటారు. ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

ఏప్రిల్ 10. పెద్దాయనకు చెప్పాను. షాపు తెరవగానే వెళ్ళాను. ఆయన స్టూలు మీద కూర్చుని షట్టరు తాళాలు లెక్కపెట్టుకుంటున్నాడు. చెయ్యి చాపి పట్టకారు పట్టుకుని చూపించాను. కాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"తొమ్మిది నెలలు."

"మరి ఈ తొమ్మిది నెలలూ నీ బల్ల మీది పని ఎవడు చేశాడు?"

స్ప్రింగు అప్పుడే లోపలికొస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చా అన్నట్టు రోడ్డు వైపు చూశాడు.

"బాగుంది. నా షాపులో ఇద్దరు దొంగలు," అన్నాడు పెద్దాయన. "ఒకడు పని దొంగిలించాడు, ఒకడు పేరు దొంగిలించాడు. నేనేమో రోజూ ఇక్కడ కూర్చుని తాళాలు లెక్కపెట్టుకుంటున్నాను."

తాళాల గుత్తి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 13. బల్ల పోయింది. కిటికీ పక్కన ఇప్పుడు స్ప్రింగు కూర్చుంటున్నాడు. నాకు వెనక గోడవారన పెద్ద బల్ల ఇచ్చారు. గోడగడియారాలు, నిలువు గడియారాలు, అలారాలు. వీటి మరలు గింజంత, కాయంత ఉంటాయి. వణికినా పడతాయి. పని ఉంది. వెలుతురు లేదు. మొదటిరోజు ఇంటికొచ్చి నేరుగా పడుకున్నాను. నీకు అబద్ధం రాయను, బాధగానే ఉంది. కానీ అద్దం బిగించుకుని నటించడం లేదు. భోజనాల వేళకు నిజంగా ఆకలేస్తోంది.

ఏప్రిల్ 16. దీని వెనక బొమ్మ ఉంది. స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవరు అని పక్కన రాశాను, లేకపోతే జెర్రి అనుకుంటావు. నాలుగు రోజులు పట్టింది. చించలేదు.

ఏప్రిల్ 19. ఇది రాయాలా వద్దా అని రెండురోజులు ఆలోచించాను.

నీ బొమ్మలన్నీ ఒక పెట్టెలో ఉన్నాయి. ఆదివారం అన్నీ తీసి నేల మీద వరసగా పేర్చాను. మీ మరదలు తారీఖులు చదివింది. గడియారం ఎప్పటి నుంచి తప్పు నడుస్తోందో కనిపెట్టడమే కదా నా పని. రెండేళ్ళ క్రితం మే నెల దాకా నీ గీత తిన్నగా ఉంది. ఆ ఆగస్టులో పాలగిన్నె గీశావు, దాని అంచు కదిలింది. దాని పక్కన మొదటిసారి రాశావు, బస్సులో గీశానని. ఆ తర్వాత ప్రతి బొమ్మా బస్సులోదే. పదిహేడు బొమ్మలు.

అక్కా, నువ్వు పనికి నడిచి వెళ్తావు. ఆసుపత్రి మీ వీధి చివరే. బస్సు ఎక్కి ఎన్నేళ్ళైంది నువ్వు?

నేను ముందే గమనించాను. నువ్వు నన్ను అడిగినట్టు నేను అడగలేదు. నాకు దాక్కోవద్దని చెప్పావు. చెప్పిన మాట విన్నాను, బల్ల పోగొట్టుకున్నాను. ఇప్పుడు నీ వంతు.

నేనింకా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నువ్వు వెళ్ళాక వెళ్తాను. నువ్వు వెళ్ళకపోతే నేనూ వెళ్ళను. పెద్దదానివి, ముందు నువ్వు నడువు.

నీ తమ్ముడు

(వదినగారూ, ఇది నిజంగా ఆయనే రాశారు. నేను కవరు మీద చిరునామా మాత్రం రాశాను. అదీ అడిగాకే రాశాను.)


ఇల్లు, వంటగది బల్ల,
మే 3

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. ప్రతి అక్షరం చదివాను. ఒకటి రెండు చోట్ల ఊహించుకున్నాను.

అవును.

రెండేళ్ళు. నువ్వు చెప్పిన ఆగస్టే. ఎవరికీ చెప్పలేదు. పెద్దదాన్ని కదా, నా చేయి వణికితే మీరంతా దేన్ని పట్టుకుంటారు అనుకున్నాను. దాన్ని ఓర్పు అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ప్రార్థనలో కూర్చుంటే అది గర్వమని తెలిసింది.

నీకు ఇంకొకటి కూడా చెప్పాలి. నేను బొమ్మలు వేసేది ఎప్పుడో తెలుసా? ప్రార్థనలోనే. కళ్ళు మూసుకుంటే నిద్రొస్తోంది ఈ మధ్య. కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్నదాన్ని గీస్తూ కూర్చుంటే మనసు నిలబడుతోంది. అది కూడా ఎవరికీ చెప్పలేదు. చూస్తే ఏమనుకుంటారో అని. దేవుడు చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనుకున్నట్టు లేదు.

మీ బావకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"సూదిలో దారం ఎక్కించి పెట్టమని ఏడాదిగా నన్ను అడుగుతున్నావు," అన్నారు. "కళ్ళు కనపడటం లేదన్నావు. అద్దాలు మార్పించుకుంటానని ఒక్కరోజు అనలేదు. కళ్ళు కాదని అప్పుడే అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"నీతో ముప్పై ఏళ్ళుగా వేగుతున్నాను. నువ్వు చెప్పేదాకా నిన్ను అడిగి ఎవరు బతికారు?"

మర్నాటి నుంచి దారం నేనే ఎక్కించుకుంటాను అన్నాను. ఆయన సరే అని పక్కనే కూర్చున్నారు. పదకొండోసారికి ఎక్కింది. ఆయన చెయ్యి రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కి వెళ్ళింది. అది చూశాను. సహాయం చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు పదిహేడేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు.

గురువారం మా ఆసుపత్రిలోనే నరాల డాక్టరుకి చూపించుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళ దుప్పట్లు కుడుతున్నాను, రోగిగా బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలు. ఆయాలు "మీరేమిటమ్మా ఇక్కడ" అని అడిగారు. నిజమే చెప్పాను.

డాక్టరు చిన్నపిల్ల. నా వేళ్ళు పట్టుకుని చూసింది, నడవమంది, గ్లాసుతో నీళ్ళు తాగమంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నాన్నకు ఉండేది, తమ్ముడికి ఉంది అన్నాను. నువ్వు భయపడుతున్న పెద్ద జబ్బు కాదట నాది. వంశంలో వచ్చే వణుకట. పూర్తిగా పోదు. మందు ఉంది, కొంత తగ్గొచ్చు. చేతులతో చేసే పనులు మానొద్దు అంది. నిన్ను చూడకుండా నీ సంగతి చెప్పలేనంది. నువ్వు చూపించుకోవాలి.

ఈ నాలుగు మాటలు నాన్నకు చెప్పినవాళ్ళు లేరు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అదే అనుకున్నాను.

నువ్వు వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను, ముందే తెలిస్తే మంచిది. తెల్లకాగితం ఇచ్చి, పెన్ను ఇచ్చి, నత్తగుల్లలాగా మధ్యలో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి గీయమంటారు. చెయ్యి బల్లకు ఆనించకూడదు. పరీక్ష అదే. నాకు నవ్వొచ్చింది. డాక్టరు ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. ఈ పరీక్షకు ముప్పై నాలుగేళ్ళుగా చదువుతున్నామని చెప్పాను. ఆ పిల్లకు అర్థం కాలేదు.

నా గుల్ల అంతా ముళ్ళు ముళ్ళుగా వచ్చింది. దాచుకోవాలనిపించలేదు. ఇంటికి తీసుకెళ్ళొచ్చా అన్నాను. కుదరదమ్మా, ఫైల్లో పెట్టాలి అంది. అయితే ఇంకొక కాగితం ఇవ్వమన్నాను. రెండోది కూడా అలాగే వచ్చింది. అది ఫైల్లో పెట్టుకోమని ఇచ్చి, మొదటిది తెచ్చుకున్నాను. ఈ ఉత్తరంలో పెట్టాను.

సోమవారం వెళ్ళు. మరదల్ని వెంట తీసుకెళ్ళు. వాళ్ళు ఒకటే గీయమంటారు. నువ్వు రెండు గీయి.

పెద్దక్క